బల్ల కింద నుంచి కనిపించినంత

కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరైన ఆవిడకు ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న పేరు టకటక. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ వేళ్ళు ఇంట్లోనూ ఊరుకునేవి కావు. కంచం అంచు మీద, బస్సులో ఒళ్ళోని సంచీ మీద, చివరికి నిద్రలో మొగుడి భుజం మీద కూడా టైపు కొడుతూనే ఉండేవి. అంతకాలమూ ఎవరెవరో చెప్పింది రాసిపెట్టింది కదా, ఇప్పుడైనా తనవాళ్ళ గురించి తను రాసుకోవాలని ఆవిడకు సరదా పుట్టింది. అమ్మమ్మా తాతయ్యా కలిసి నడిపిన కుట్టుదుకాణం కథ. పడకగదిలో కిటికీ పక్కకు బల్ల జరిపించి, నడుంనొప్పి రాని కుర్చీ ఒకటి కొనిపించుకుని, "ఇకనుంచి పొద్దున్నపూట నన్ను పలకరించకండి" అని భర్తకు చెప్పేసింది.

నెల తిరక్కుండానే ఆ సరదా కాస్తా తలనొప్పయి కూచుంది.

దుకాణం సంగతులు తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు మామయ్య, పోయిన తల్లికి తమ్ముడు, గడియారాలు బాగుచేసి బతికినవాడు. రెండోది సొంత అక్క, చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గరే పెరిగింది.

"రాసుకో అమ్మాయ్," అన్నాడు మామయ్య దర్జాగా. "మా నాన్న కత్తెర పట్టాడంటే గుడ్డ తనంతట తనే విడిపోయేది. టేపు అక్కర్లేదు. మనిషిని ఓసారి ఎగాదిగా చూసి కోటు కుట్టేసేవాడు."

అక్కకు ఫోన్ చేసి ఆ మాటే చెబితే ఒకటే నవ్వు. "తాతయ్యా? కత్తెరా? టేపు మెళ్ళో వేసుకుని గుమ్మంలో కూచుని, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడటమే ఆయన పని. కోసింది అమ్మమ్మ, కుట్టింది అమ్మమ్మ, కాజాలు తీసి గుండీలు కుట్టింది నేను. రాసుకో."

టకటక రెండూ రాసుకుంది. రాసింది ఎవరిది వారికి చదివి వినిపించింది. కోర్టు అలవాటు మరి. అక్కడే వచ్చింది చిక్కు. "నేనలా అనలేదు" అన్నాడు మామయ్య. ఫోన్లో రికార్డు చేసింది పెట్టి వినిపిస్తే, "అన్నాననుకో, అంతమాత్రాన అలాగే రాసేస్తావా?" అని మూతి ముడుచుకున్నాడు. అక్కయితే రోజుకో సవరణ. పొద్దున కలపమన్న మాట సాయంత్రానికి కొట్టెయ్యమంటుంది. ఒక పేజీ ముందుకు జరిగితే రెండు పేజీలు చెత్తబుట్టలోకి పోతున్నాయి.

"కోర్టులోనే హాయిగా ఉండేది నీకు," అన్నాడు భర్త ఉండబట్టలేక. "అక్కడైతే మాట మార్చిన సాక్షిని చూసుకోడానికి జడ్జిగారుండేవారు."

"మీరు పేపరు చదువుకోండి," అని తలుపు మూసేసుకుంది.

అసలు ముడి వేరే ఉంది. చక్కగా నడుస్తున్న దుకాణం ఒక్కసారిగా ఎందుకు మూతపడింది? నాన్నకి చూపు తగ్గిందని మామయ్య అంటాడు. అక్క మాత్రం, "అది ఫోన్లో చెప్పేది కాదే" అని తప్పించుకుంటుంది. విసుగెత్తిపోయి ఒక ఆదివారం ఇద్దర్నీ ఇంటికి రమ్మంది.

వచ్చారు. కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. టకటక ఫోన్ మధ్యలో పెట్టి, "ఇప్పుడు చెప్పండి, దుకాణం ఎందుకు మూసేశారు?" అంది.

"చెప్పానుగా, చూపు ఆనేది కాదని," అన్నాడు మామయ్య.

అక్క గ్లాసు కింద పెట్టింది. "చూపు కాదు. ఎవరో పెళ్ళికొడుకు సూటు గుడ్డ తాతయ్య అడ్డదిడ్డంగా కోసి పాడుచేశాడు. ఏంటీ పని అని అమ్మమ్మ అడిగితే, ఆ గుడ్డ ఇచ్చినవాళ్ళ ముందే చెంప పగలగొట్టాడు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ మిషను ముట్టుకుంటే ఒట్టు. ఆవిడ లేని దుకాణం ఎన్నాళ్ళు నడుస్తుంది?"

మామయ్య మొహం నల్లబడింది. "నోరు జాగ్రత్త! మా నాన్న మీద ఏమిటా నింద? ఆయన చెయ్యెత్తే మనిషి కాదు."

"ఆ రోజు నువ్వు ఊళ్ళోనే లేవు మామయ్యా. గడియారాల పని నేర్చుకోడానికి వెళ్ళావు."

"నువ్వు చూశావా?"

"పెరట్లో ఉన్నా. చప్పుడు విన్నా. లోపలికొచ్చేసరికి ఆవిడ చెంప మీద చెయ్యి పెట్టుకుని నుంచుంది." అక్క చెల్లెలి వైపు తిరిగింది. "దీన్ని అడుగు. సెలవులకొచ్చిన ఇది అక్కడే ఉంది, బల్ల కింద, అయస్కాంతంతో గుండుసూదులు ఏరుతూ. ఏమే, ఇన్నాళ్ళూ మా నోళ్ళల్లో వేలుపెట్టి కెలుకుతున్నావే, నువ్వు చూసింది చెప్పవేం?"

టకటక వేళ్ళు ఒళ్ళో టైపు కొట్టడం మొదలుపెట్టాయి. నిజమే, తనక్కడే ఉంది. ఇన్ని వారాలుగా ఆ సంగతి తనకి గుర్తులేదని కాదు, అది లెక్కలోకి వస్తుందనే అనుకోలేదు. సాక్షి చెబుతాడు, స్టెనో రాస్తుంది. స్టెనోని ఎవరూ ఏమీ అడగరు.

"నాకు సరిగ్గా..." అని నసిగింది.

"చూశావా, దానికీ తెలీదు!" అని మామయ్య చేతికర్ర తీసుకుని లేచాడు. భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు. "నువ్వూ, నీ పుస్తకమూ!" అని అక్క కూడా ఆటో ఎక్కేసింది. వండినదంతా అలాగే ఉండిపోయింది.

వాళ్ళ మీద పీకలదాకా కోపంతోనే మర్నాడు బల్ల ముందు కూచుంది. "నేను" అని కొట్టింది. చెరిపేసింది. "చిన్నమనవరాలు" అని కొట్టింది, అదీ చెరిపేసింది. మెయిలుబండిలా పరిగెత్తే వేళ్ళు ఆ ఒక్క మాట దగ్గర మొరాయించాయి. సిగ్గేసింది, ఒళ్ళు మండింది కూడా. చివరికి పళ్ళ బిగువున, కనిపించింది కనిపించినట్టు రాసింది.

'నేను బల్ల కింద ఉన్నాను. అమ్మమ్మ పాదాలు మిషన్ పలక మీద ఆడుతున్నాయి. తాతయ్య చెప్పులు వచ్చి పక్కన ఆగాయి. మాటలు పెద్దవయ్యాయి. పలక ఆగింది. పైన ఫట్‌మని చప్పుడైంది. గజంబద్ద బల్లకి తగిలిన చప్పుడో, ఇంకోటో, నాకు తెలియదు. అమ్మమ్మ పాదాలు కాసేపు కదల్లేదు. తర్వాత నేల మీదికి దిగి, చెప్పులు వెతుక్కోకుండానే వీధిలోకి వెళ్ళిపోయాయి. తాతయ్య చెప్పులు మటుకు అక్కడే ఉన్నాయి, చాలాసేపు.'

మామయ్యకు ఫోన్ చేసి చదివింది. అవతల గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి.

"మామయ్యా, ఉన్నావా?"

"ఉన్నా. వట్టికాళ్ళతో వెళ్ళిందా అమ్మ?"

"ఊఁ."

"నాకెవరూ చెప్పలేదు. చూపు తగ్గిందన్నది తీసెయ్యకు. నేను చెప్పానని రాసి, అదీ ఉంచు."

"ఉంచుతాను."

అక్కకు చదివితే ఆవిడ గయ్యిమంది. "పాదాలేంటే, పాదాలు! చెంపదెబ్బ ఏదీ?"

"నువ్వు విన్నది నీ పేరుతో రాస్తానక్కా. నేను చూడంది నేనెలా రాయను?"

"అలాంటప్పుడు ఈ రాతంతా దేనికి?" అని ఫోన్ పెట్టేసింది.

టకటక మళ్ళీ బల్ల ముందు కూచుంది. రాసింది అక్కకి నచ్చలేదు, ఆ మాటకొస్తే తనకీ నచ్చలేదు. మళ్ళీ చదువుకుంటే 'పాదాలు' అన్న మాట చీటికీమాటికీ తగులుతోంది. చిరాకు పడుతూనే కుర్చీ ముందుకు లాక్కుని, ఎక్కడ తీసెయ్యొచ్చో చూడటం మొదలుపెట్టింది. 'నేను' జోలికి మాత్రం పోలేదు.