పైతోలుకు మాత్రమే

మూడో చుట్టుకే ఎద్దు నిలబడిపోయింది. సిద్ధమ్మ దాని వెనక తొడ మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"నడు. నీకూ నాకూ వేరే పని యాడుండాది?"

గంతలు కట్టిన ఎద్దు చెవి ఆడించి మళ్లీ కదిలింది. రాతి గానుగలో రోకలి కిర్రుమని తిరిగింది. ఈరోజు రోట్లో పడింది ఎండుకొబ్బరి. కొబ్బరి ఆడే రోజున సిద్ధమ్మకు ఎక్కడ లేని చాదస్తం పట్టుకుంటుంది. నిన్న ఆడిన ఆముదాల జిడ్డు పోయేదాకా రోటిని తవుడుతో రుద్దుతుంది, వేడినీళ్లు పోసి కడుగుతుంది, ఉతికిన గుడ్డతో తుడిచి, లోపలికి తల దూర్చి వాసన చూస్తుంది. అంత శుభ్రం ఎవరూ అడగరు. డెబ్బై మూడులో పుంగనూరుకు మిల్లు వచ్చాక గానుగ నూనె కోసం వచ్చేది పసిబిడ్డల తల్లులూ, దీపాలు పెట్టే ముసలమ్మలే.

ఆమెకు యాభై దాటాయి. సన్నటి మనిషి. ఇరవై రెండేళ్లుగా నూనె పిండేసిన చెక్కను గంపలతో మోసి కుడి భుజం కిందికి దిగింది. గోళ్లు పసుపుపచ్చగా మారాయి, అరచేతి గీతల్లో నూనె ఎంత తోమినా పోదు. భర్త పోయిన పక్షానికే, ఆడదానివి నీకు గానుగెందుకు, ఎద్దును అమ్మెయ్యమని చెప్పడానికి పదిమంది వచ్చారు. ఎద్దుకు మేత వేసిపొమ్మంటే ఒక్కడూ కదల్లేదు. మరునాడు ఆమే కాడి కట్టింది. ఆ జీవితంలో చెప్పుకోదగ్గది అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడున్నదల్లా కోపం. దానికి నాలుగు నెలలు నిండాయి.

వసారాలో చాప మీద చెల్లెలు పార్వతమ్మ పడుకుని ఉంది. నలభై నిండని మనిషి. దుప్పటి కింద ఒళ్లుందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది. నిరుడు రొమ్ములో గడ్డ లేస్తే మదనపల్లె మిషనాసుపత్రిలో కోసి తీశారు. రాయవేలూరు పెద్దాసుపత్రికి పోయి ఇరవై అయిదు సార్లు కరెంటు పెట్టించుకోమన్నారు. ఆ వైద్యానికి అసలు పేరేమిటో పుంగనూరులోనూ తెలియదు, పార్వతమ్మ అత్తగారి ఊరు కుప్పంలోనూ తెలియదు. అందరూ కరెంటే అంటారు. ఆ మాటే కొంప ముంచింది. కరెంటంటే కాలుస్తుందని పసిపిల్లకైనా తెలుసు. నయం చేస్తుందంటే ఎవరు నమ్ముతారు?

మిషనాసుపత్రి నర్సు లిడియా అప్పుడే విడమరచి చెప్పింది.

"కరెంటుకు పొయ్యేముందర ఆ చోట ఏమీ ఉండకూడదమ్మా. ఒంటి మీద వాళ్లు గీసిన గీతలు చెరపొద్దు. సాయంత్రం కావాలంటే మంచి కొబ్బరినూనె పలచంగా రాయి. తోలు చిట్లిన చోట మాత్రం ముట్టొద్దు. ఇదంతా పైతోలుకు మాత్రమే, జబ్బుకు గాదు."

సిద్ధమ్మ మంచి కొబ్బరినూనె అన్న మాట విన్నది. మంచిదంటే తన గానుగదే గదా. తక్కిన మాటలు ఆ సంబరంలో కొట్టుకుపోయాయి.

పదహారు సార్లు అయ్యేసరికి పార్వతమ్మ రొమ్ము చోటు, చంక కింద, పొయ్యిలో పెట్టి తీసినట్టు నల్లబడింది. రవిక ఆనితే ఏడ్చేది. ఒక శనివారం కాట్పాడిలో రైలెక్కి కుప్పం వచ్చింది. నూనె సీసాతో సిద్ధమ్మ కూడా ఆ రోజే అక్కడికి వచ్చింది. సోమవారం తిరిగి పోవాలి. మొగుడు మునిస్వామి పంపలేదు. అతడు చింతపండు మండీలో తూకం వేస్తాడు, మూడు వారాలుగా హోటలు కూడు తిని విసిగిపోయాడు. నూనె రాస్తూ ఉన్నారు. నెల తిరిగేసరికి నల్లతోలు పొట్టు రాలి, కింద లేత తోలు వచ్చింది. మా వదిన నూనెతో జబ్బు పోయిందని మునిస్వామి మండీలో చెప్పాడు.

మరి సిద్ధమ్మ ఏం చేసింది? మురిసిపోయింది. నూనెకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. మిల్లు నూనె కొనే ఇళ్ల ముందు నిలబడి మరీ చెప్పింది.

నాలుగు నెలల కిందట కుప్పం పోయి చూస్తే చెల్లెలు బిందె ఎత్తలేక నడుం పట్టుకుని కూలబడింది. మదనపల్లెకు తీసుకుపోయింది. డాక్టరు నడుం ఫోటోను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. లిడియా సిద్ధమ్మను బయటికి పిలిచింది.

"జబ్బు ఎముకల్లోకి దిగిందమ్మా. మిగతా కరెంటు యాల మానుకున్నారు?"

"తోలు నయమైపోయింది గదమ్మా."

"కరెంటు నిలిపేస్తే ఎవురికైనా తోలు ఆరుతాదమ్మా. నూనె రాసినా ఆరుతాది, రాయకున్నా ఆరుతాది."

"ముగించింటే బతికేదా?"

"అది నేను చెప్పలేను. ముగించుండాల్సింది."

ఆ రోజే చెల్లెలిని పుంగనూరుకు తెచ్చేసుకుంది. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒళ్లంతా నూనె రాస్తుంది. పడుకుని పడుకుని వీపు ఒరుసుకుపోకుండా ఉండటానికి, దురద తగ్గడానికి. అంతకంటే దానివల్ల ఏమీ కాదని ఇప్పుడు తెలుసు.

ఎండ నడినెత్తికి వచ్చాక మునిస్వామి దిగాడు. కుప్పం నుంచి పలమనేరు, పలమనేరు నుంచి పుంగనూరు, రెండు బస్సులు మారినా చొక్కా నలగలేదు. చాప వైపు ఒకసారి చూశాడు. పార్వతమ్మ కళ్లు మూసుకుని ఉంది. అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగి, సంచిలోంచి సీసా తీసి పక్కన పెట్టాడు.

"నూనె కావాల వదినా. మా సావుకారు పెండ్లాం విజయమ్మకు గూడా అదే గడ్డంట. కోసేసినారు. రాయవేలూరుకు పొమ్మన్నారంట. ఆడికి పోయి యాల కాల్చుకుంటావమ్మా, మా వదిన నూనె ఉండాది, నేను తెస్తా అని చెప్పినా."

సిద్ధమ్మ ఎద్దును నిలిపేసింది.

"ఆడ పండుకోనుండేది ఎవురప్పా?"

"అదేంది వదినా..."

"సూడు. బాగా సూడు. నయమైన మనిషి అట్లుంటాదా?"

"అది దాని రాత. నూనెలో తప్పేముండాది?"

"రాతంట రాత! నీకు కూడు వండేదానికి మనిషి లేదని పంపకుండా పెట్టుకుంటివే, అదీ రాతేనా? ఇంగో ఆడదాని ఉసురు గూడా పోసుకుంటావా?"

మునిస్వామి లేచి నిలబడ్డాడు. అతడికీ రోషం వచ్చింది.

"నన్నొక్కణ్ణే అంటావేంది? నా నూనెతోనే నయమాయ అని ఊరంతా చెప్పుకోని తిరిగింది ఎవురు?"

అతడి మీద ఉన్న కోపంలో సగం అసలు ఎవరి మీదో సిద్ధమ్మకు నాలుగు నెలలుగా తెలుసు. ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు.

"చెప్పినా," అంది చివరికి. "నా నోరు పడిపోను, చెప్పినా. ఇప్పుడు ఇదీ చెప్తాండాను, ఇను. ఆయమ్మకు చుక్క ఇయ్యను. రాయవేలూరుకు పోనీ, అన్నిసార్లూ పెట్టించుకోనీ. ఒళ్లు మండితే నర్సమ్మను అడిగి నేనే తీసుకోనొచ్చి రాస్తా."

చాప మీంచి సన్నగా గొంతు వినిపించింది.

"అక్కా, ఎద్దు యాల నిలిచిపాయ?"

"ఏం లేదు పార్వతీ. మీ ఆయనొచ్చినాడు."

"తిప్పక్కా. ఆ సద్దుంటే నాకు బాగుంటాది."

సిద్ధమ్మ ఎద్దును అదిలించింది. మునిస్వామి పోయి చాప పక్కన కూర్చున్నాడు. పార్వతమ్మ అతడి వైపు చూసి, తిన్నావా అని అడిగింది. అతడు తల అడ్డంగా ఊపాడు. అక్క వంటింట్లో సంగటి ఉంది, తినమంది. అదీ ఆమె అడగవలసింది! సిద్ధమ్మ పళ్లు కొరుక్కుంటూ ఎద్దు వెనక నడిచింది. కొబ్బరి నలిగి నలిగి నూనె ఊరింది. వాసన వసారా అంతా పరుచుకుంది. మునిస్వామి లేచి లోపలికి పోయి సంగటి ముద్ద పెట్టుకున్నాడు.

నూనె దిగాక సిద్ధమ్మ గిన్నెలో కొంచెం పట్టుకుని వచ్చింది. వేడి ఇంకా ఉంది. చెల్లెలి కాళ్ల దగ్గర కూర్చుని కుడిపాదం ఒడిలో పెట్టుకుంది. మడమ పగుళ్లలోకి, వేళ్ల సందుల్లోకి నూనె పట్టించింది. ఎడమపాదం కూడా పూర్తయ్యాక గానీ ఆమెకు తెలియలేదు. పేరు పెట్టి పిలిచింది. భుజం పట్టి ఊపింది. తర్వాత దుప్పటి సవరించి, తన కొంగుతో చెల్లెలి నోటి చివర తుడిచింది.

మునిస్వామి ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకు వచ్చి తల బాదుకుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. సిద్ధమ్మకు అతడి మీద జాలి కలగలేదు. కలగనందుకు బాధా కలగలేదు.

"చెయ్యి కడుక్కో. పోస్టాఫీసు మూసేలోగా పోయి మీవాళ్లకు తంతి కొట్టు," అంది.

అతడు పోయాడు. సీసా అరుగు మీదే ఉండిపోయింది. కాలు తగిలి పగులుతుందేమోనని సిద్ధమ్మ తీసింది. అడుగున పాత నూనె కొంచెం ఉంది. మూతికి ఏదో కాగితం చుట్టి బిరడాగా దూర్చాడు. లాగితే బిగిసిపోయి ఉంది. మెలిపెట్టి లాగి, విప్పింది.

కాగితం కాదు, పలచటి అట్ట. గళ్లు గీసి ఉన్నాయి. కొన్ని గళ్లలో నీలిసిరా సంతకాలు. సిద్ధమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఆసుపత్రి నుంచి వచ్చిన శనివారం పార్వతమ్మ రవికలోంచి తీసి చూపించింది ఇదే చీటీ. ఒక్కో కరెంటుకు ఒక్కో సంతకం అక్కా, అని చెప్పింది. సిద్ధమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. సంతకాలు పదహారు.

రేపు మట్టి చెయ్యాలి. ఆ మరునాడే మొదటి బస్సుకు కుప్పం పోవాలి. మైలా గియిలా అని ఎవరేమన్నా సరే, విజయమ్మ ఇంటి గడప తొక్కాలి. ఇది ఆమె చేతిలో పెట్టి, తన నోటితో తాను ఊరంతా చెప్పిన అబద్ధం గురించి కూడా చెప్పాలి.

అట్ట మళ్లీ చుట్టుకుపోతోంటే గానుగ రాతి అంచు మీద పరిచి, నాలుగు మూలలా కొబ్బరిచెక్క ముక్కలు పెట్టింది. నూనె తాగి పలచబడిన తొమ్మిది ఖాళీ గళ్లలోంచి కింద ఉన్న నల్లరాయి కనబడుతోంది.