పాలు పొంగించని పొయ్యి

భూలక్ష్మి వాకిలి ఊడ్చి పెరట్లోకి వచ్చేసరికి తూర్పు వసారాలో ఉండాల్సిన పొయ్యి అక్కడ లేదు. ఆసుపత్రికి వెళ్ళింది.

తడి మట్టిలో దాని అడుగులు కనిపిస్తున్నాయి. నడక తిన్నగానే ఉంది, ఎక్కడా తడబడలేదు. భూలక్ష్మికి ఆశ్చర్యమేమీ లేదు గానీ ఒళ్ళు మండుతుంది. తోటికోడలు వెంకాయమ్మ గుండె జబ్బుతో అక్కడ మంచాన పడి ఉంటే, చెప్పాపెట్టకుండా తనకంటే ముందు ఈ పొయ్యి వెళ్ళడమేమిటి?

ఆ ఇంట్లో పొయ్యిలు రెండు. వంటింట్లోది మసిబారి, రోజూ ఇంటిల్లిపాదికీ అన్నం వండిపెట్టేది. వసారాలోది పేరుకే పొయ్యి. వెంకాయమ్మ భర్త చనిపోయిన ఏడాది, రేషన్ కార్డుల సర్వే వాళ్ళు వస్తున్నారని తెలిసి, వెంకాయమ్మే పూనుకుని దాన్ని వేసింది. పొయ్యి వేరుగా కనిపిస్తే ఇల్లు వేరు, ఇల్లు వేరైతే కార్డు వేరు. సర్వే వాళ్ళు చూశారు, రాసుకున్నారు, మజ్జిగ తాగి వెళ్ళారు. కార్డు వచ్చింది.

"అలుకుదాం, ముగ్గేద్దాం. పాలు మాత్రం పొంగించొద్దే పిల్లా," అంది ఆ రోజు వెంకాయమ్మ. "పాలు పొంగిచ్చామంటే నిజంగానే వేరు పడిపోయినట్టు."

అప్పటినుంచీ ఆ పొయ్యి ప్రతి శుక్రవారం పెళ్ళికూతురిలా ముస్తాబవుతుందే తప్ప నిప్పు మొహం చూసి ఎరగదు.

పొయ్యి ఏమీ తినకుండా వెళ్ళిందని భూలక్ష్మికి జాలి కూడా వేస్తుంది. ఎండు కొబ్బరి మట్టలు నాలుగు చీల్చి కట్ట కట్టుకుంటుంది. వెంకాయమ్మకని పాల ప్యాకెట్టు, గిన్నె సంచిలో వేసుకుని బస్సెక్కుతుంది.

"మీ పొయ్యి ముందు బస్సుకే ఎళ్ళిపోయిందండి," అంటాడు కండక్టరు టిక్కెట్టు చింపుతూ. "సీటిత్తే కూచోలేదు. మొహమాటం అనుకుంటాను."

ఆసుపత్రి వార్డు పొడుగ్గా ఉంది. చిట్టచివరి మంచం మీద వెంకాయమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద, పేషెంటు తాలూకు మనిషి కూర్చోవాల్సిన చోట, పొయ్యి బుద్ధిగా కూర్చుని ఉంది.

గుమ్మంలో కాపలాదారు చెయ్యి అడ్డం పెడతాడు. "పేషెంటుకి మీరేమవుతారండి?"

"తోటికోడల్ని."

వార్డు ఒక మంచమంత పొడుగు పెరుగుతుంది. వెంకాయమ్మ ఆ మేరకు దూరం జరుగుతుంది.

"ఒకే ఇంట్లో ఉంటామయ్యా. నా పిల్లల్ని పెంచింది ఆవిడే."

వార్డు ఇంకాస్త సాగుతుంది. ఇప్పుడు వెంకాయమ్మ మొహం అరచేతిలో పట్టేంత కనిపిస్తుంది. ఇంకొక్క మాటంటే అది కూడా కనిపించదని భూలక్ష్మి నోరు మూసుకుంటుంది. అడిగినదానికి నిజం చెప్పడం ఇంత ప్రమాదమని ఆవిడకి ఇంతవరకూ తెలియదు.

"ముందు ఆ బల్ల దగ్గర మాటలు తెలుసుకుని రండి," అంటాడు కాపలాదారు.

బల్ల వెనక ఝాన్సీ అనే అమ్మాయి కూర్చుని ఉంది. ఆరోగ్య పథకంలోని మాటలన్నీ ఆ అమ్మాయి సొరుగులో ఉంటాయి. ఒక్కొక్కటే తీసి భూలక్ష్మి అరచేతిలో పెడుతుంది.

"ఇది లబ్ధిదారండి. అంటే వెంకాయమ్మగారు."

అది రేగుపండంత ఉంది. బరువు లేదు.

"ఇది ప్యాకేజీ. ఆపరేషను, మందులు, మంచం, ఇంటికెళ్ళేదాకా భోజనం, అన్నీ కలిపి ఒకటే మూట. ఆవిడ గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవట్లేదు కదండీ, ఆ తలుపు మార్చడం కూడా ఇందులోనే. ఇదేమో ముందస్తు అనుమతి. కోత పెట్టకముందే పైఅంతస్తు వాళ్ళు సరే అనాలి."

"మరి అన్నారామ్మా?"

"అడిగామండి. వెనక్కి పంపేశారు. కుటుంబం చల్లగా ఉందంట." ఝాన్సీ ఇంకో మాట తీసి పెడుతుంది. అది మట్టిముద్ద. చేతికి మంచుగడ్డలా తగులుతుంది. "కుటుంబం అంటే ఒక పొయ్యి మీద తినేవాళ్ళు. కార్డులో వెంకాయమ్మగారి పొయ్యి వేరు. ఆ పొయ్యి తప్ప ఆవిడకి ఎవరూ లేరు. ఆ పొయ్యి నుంచి పొగ వస్తే, పైవాళ్ళు కిటికీలోంచి చూసి సరే అంటారు. సాయంత్రంలోపు రావాలండి. గుండె అంతకంటే ఆగదని డాక్టరుగారు చెప్పారు."

"ఆవిడ మా పొయ్యి మీదే తింటుందమ్మా!"

"ఆయ్, తింటారండి. ఆ సంగతి ఈ సొరుక్కి తెలీదు."

సొరుగులో ఇంకొకటి మిగిలి ఉంది, నల్లగా, సన్నికల్లు పొత్రమంత. అదేమిటని అడిగితే, "మినహాయింపండి. అంటే ప్యాకేజీలో లేనిది. దాని పని తర్వాత," అని ఝాన్సీ సొరుగు మూసేస్తుంది.

భూలక్ష్మి మళ్ళీ గుమ్మం దగ్గరికి వస్తుంది.

"మీరేమవుతారండి?" కాపలాదారు అదే గొంతుతో అడుగుతాడు.

"పేషెంటుకి కాదు. పొయ్యికి వంటమనిషిని."

వార్డు గబగబా ముడుచుకుంటుంది. ఒక్క అడుగులో ఆవిడ స్టూలు పక్కన ఉంటుంది.

కట్ట విప్పే చప్పుడుకి వెంకాయమ్మ కళ్ళు తెరుస్తుంది. కొబ్బరి మట్టలు చూస్తుంది, పాల ప్యాకెట్టు చూస్తుంది. విషయం అర్థమై చెయ్యి పట్టుకుంటుంది.

"వద్దే. పొంగిచ్చావంటే నువ్వెవరో నేనెవరో."

"ఉత్తి మంట వేస్తానక్కా."

"కొత్త పొయ్యి పాలు పొంగకుండా అంటుకోదు. మన ఇళ్ళల్లో ఎప్పుడన్నా అంటుకుందా? నా గుండె పోతే పోనీ. ఇన్నేళ్ళూ ఒకటిగా ఉన్నాం, ఒకటిగానే పోతాను."

"నువ్వు పోయాక నేనెవరితో ఒకటిగా ఉండనే?" భూలక్ష్మికి కోపమూ ఏడుపూ కలిసే వస్తాయి. తోటికోడల్ని ఎప్పుడూ "అక్కా" తప్ప "ఏమే" అని ఎరగని మనిషి. "వేరు పడితే పడ్డాం. అటుపక్క ఇంట్లోనన్నా బతికుండు. గోడ మీంచి తిట్టుకుందాం."

వెంకాయమ్మ చెయ్యి వదలదు. ఆ వేళ్ళని భూలక్ష్మి ఒక్కొక్కటే విడదీస్తుంది. మట్టలు పొయ్యిలో పేర్చి, ఝాన్సీ ఇచ్చిన అగ్గిపెట్టెతో ముట్టించి, గిన్నె పెట్టి పాలు పోస్తుంది. పొయ్యి మొదట సిగ్గుపడుతుంది. తర్వాత ఒక్కసారిగా మండుతుంది. వార్డులో రోగులందరూ లేచి కూర్చుని, గృహప్రవేశానికి వచ్చిన చుట్టాల్లా చూస్తుంటారు.

పాలు పొంగి తూర్పు వైపు ఒలుకుతాయి. శుభమే. భూలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంటుంది.

పొగ పైకి పోతుంది. పైఅంతస్తులో కిటికీ తెరుచుకుంటుంది. కాసేపటికి పైకప్పులోంచి "సరే" అనే మాట సున్నం పెచ్చుతో కలిసి రాలుతుంది.

మంచాన్ని తోసుకుపోతారు. వెంకాయమ్మ భూలక్ష్మి వైపు చూస్తుంది. బస్సులో ఎదురు సీటులోని మనిషిని చూసినట్టు, మర్యాదగా చూస్తుంది. "పొగకి కళ్ళు మండుతున్నాయేమోనండి, బయట కూర్చోండి," అంటుంది. ఆ "అండి" భూలక్ష్మికి చెంపదెబ్బలా తగులుతుంది.

"ఇప్పుడు మీరెవరండి?" కాపలాదారు వచ్చి అడుగుతాడు.

"ఎవర్నీ కాదు బాబూ. ఆవిడకి ఏమీ కాను."

ఆ మాట వినగానే ఝాన్సీ నల్లటి పొత్రం రెండు చేతులతో మోసుకుంటూ పరుగెత్తి వస్తుంది.

"పిన్నిగారూ, నిజంగా ఏమీ కారా? తలుపు మార్చేంతసేపూ గుండెని ఎవరో ఒకరు పట్టుకోవాలండి. అది ప్యాకేజీలో లేదు, మినహాయింపు. కుటుంబంలోవాళ్ళు పట్టుకోకూడదు, చేతులు వణుకుతాయని రూలు. పొద్దుట్నించీ ఆసుపత్రంతా వెతికాం. ఏమీ కానివాళ్ళు ఒక్కరూ దొరకలేదు."

భూలక్ష్మి చేతులు కడుక్కుంటుంది.

ఆపరేషను గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, వెంకాయమ్మ గుండెని ఆవిడ ఒడిలో పెడతారు. వెచ్చగా ఉంది. చింతపండు వాసన, పొగ వాసన వేస్తోంది. భూలక్ష్మి చేతులు వణుకుతాయి. ఎవరైనా చూస్తే లాక్కుంటారని భయపడి, గుండెని కొంగు కింద దాచి రొమ్ముకి గట్టిగా అదుముకుంటుంది. దానికి ఊళ్ళో సంగతులు చెబుతుంది. గేదె ఈనిందని చెబుతుంది. ఆవకాయ జాడీకి గుడ్డ మార్చానని చెబుతుంది. అది వింటూ నెమ్మదిగా కొట్టుకుంటుంది.

గది తలుపు తెరుచుకుంటుంది. "కొత్త తలుపు సిద్ధంగా ఉందండి. గుండె ఇచ్చెయ్యండి," అంటుంది ఝాన్సీ.

భూలక్ష్మి కొంగు తీస్తుంది. ఒడిలో రెండు గుండెలు ఉన్నాయి, తనదీ ఎప్పుడో జారి వచ్చి పక్కన చేరింది. ఒకటే పరిమాణం, ఒకటే వాసన, రెండూ ఒక్కసారే కొట్టుకుంటున్నాయి.

"ఏది ఆవిడదండి?"

భూలక్ష్మి ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుంటుంది. తర్వాత రెండోదాన్ని పెట్టుకుంటుంది. "తెలియట్లేదమ్మా," అంటుంది.

ఝాన్సీ రెండింటినీ తాకి చూస్తుంది. "ఒకే పొయ్యి మీద తిన్నవి కదండీ. ఏదిచ్చినా సరిపోతుంది," అని చేతికి అందినదాన్ని తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

మిగిలినదాన్ని భూలక్ష్మి కొంగుతో తుడిచి, తన ఛాతీలో పెట్టుకుంటుంది. అది ఒక పక్కకి ఒత్తిగిలి, చాప మీద ఇద్దరు పడుకునే చోట సర్దుకున్నట్టు సర్దుకుంటుంది.

"కాస్త జరగవే పిల్లా," అంటుంది ఛాతీ లోపలినుంచి.

భూలక్ష్మి జరుగుతుంది.