కెప్టెన్ బండి గొంతు

కొండదారి మూడో మలుపులో ఉన్న కాఫీ హోటల్ ఆవిడను అందరూ హోటలక్క అనేవారు. ఇరవై రెండేళ్ళలో ఆమె తెలిసి తెలిసి నష్టానికి ఒక్క బేరమూ చేయలేదు. మనిషి ముఖం చూడగానే అతనికి ఏది అంటగట్టవచ్చో తెలిసిపోయేది. ఆకలిగా ఉన్నవాడికి ఆమ్లెట్, అలిసినవాడికి నీడలో కుర్చీ, గొప్పలకు పోయేవాడికి పొగడ్త. ఆ మూడోది పెట్టుబడి అక్కర్లేని సరుకు.

శని, ఆదివారాల్లో ఆ దారిన మోటారుసైకిళ్ళ దండు వచ్చేది. పదకొండు బండ్లు. వాటి నాయకుణ్ణి కెప్టెన్ అని పిలుచుకునేవారు. వారమంతా ఏదో ఆఫీసులో తల వంచుకుని సంతకాలు పెట్టే మనిషి. శనివారం రాగానే సైలెన్సర్ డొల్ల చేయించిన బండెక్కి కొండంతా అదరగొట్టేవాడు. హోటల్ ముందు ఆగి, నిలబడ్డ బండినే గర్జింపజేస్తూ, ఒకరి బండి గొంతు ఒకరు మెచ్చుకునేవారు. వాళ్ళ తిండి ఖర్చుమీదే హోటల్ నడిచేది కాబట్టి హోటలక్క చెవుల్లో దూది పెట్టుకుని నవ్వుముఖంతో వడ్డించేది.

ఒక ఆదివారంతో ఆ లెక్క తిరగబడింది.

వెనక గదిలో ఆమె తల్లి ఎనిమిది నెలలుగా మంచంలో ఉంది. పక్షవాతంతో మాట పడిపోయింది. ఆ రోజు పదింటికి ముసలామె కళ్ళు తెరిచి, కూతురి మణికట్టు పట్టుకుని, పెదాలు కదిపింది. గొంతులోంచి ఏదో మాట వస్తోంది. సరిగ్గా అప్పుడే బయట పదకొండు బండ్లూ ఒక్కసారి మోగాయి. హోటలక్క వాకిట్లోకి ఉరికి, ఆపమని రెండు చేతులూ ఊపింది. కెప్టెన్ అది మెచ్చుకోలు అనుకున్నాడు. బొటనవేలు పైకెత్తి చూపించి యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పాడు.

ఆమె లోపలికొచ్చి తల్లి నోటికి చెవి ఆనించింది. గోడల దడదడ తప్ప మాట అందలేదు. పొద్దు వాలకముందే ముసలామె పోయింది. ఆ చివరి మాట ఏమిటో తెలిసే దారి లేకుండా పోయింది.

రెండు వారాల తర్వాత హోటల్ తెరిచినప్పుడు ఆమె కెప్టెన్‌కు జరిగింది చెప్పింది. అతను హెల్మెట్ బల్లమీద పెడుతూ, "అయ్యో అక్కా. అయినా పెద్దావిడే కదా, వయసైపోయింది. ఏం చెప్పి ఉంటుందిలే, మంచినీళ్ళు అడిగుంటుంది" అన్నాడు. అంటూనే, "మాకు పదకొండు ఆమ్లెట్లు" అన్నాడు.

హోటలక్క పదకొండూ వేసింది. ఒక్కటీ మాడనివ్వలేదు. కడుపులో మంట పెనానికి అంటుకోకుండా చూసుకుంది.

ఎదురింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు అప్పటికే బండ్ల మోత మీద మున్సిపాలిటీకి పద్నాలుగు ఫిర్యాదులు పంపాడు. శని, ఆదివారాల్లో కొండదారిన మోటారుసైకిళ్ళు ఆపాలని ప్రతిపాదన పెట్టారనీ, ముందు రెండు వారాంతాలు మోత కొలుస్తారనీ ఆయనే చెప్పాడు. కొలిచే పెట్టెను ఆమె హోటల్ పక్క దీపస్తంభానికే కట్టారు. కట్టినవాడికి హోటలక్క అడక్కుండానే కాఫీ ఇచ్చింది.

"రోజంతటి మోతనీ కలిపి సగటు తీస్తారా బాబూ?"

"లేదమ్మా. హద్దు దాటిన ప్రతిసారీ విడిగా రాసుకుంటుంది. రెండు వారాంతాల్లో ఇరవైసార్లు దాటితే నిషేధం పడ్డట్టే."

పెట్టె సంగతి దండుకూ తెలిసిపోయింది. మొదటి వారాంతం మలుపు ముందే ఇంజన్లు ఆపేసి, బండ్లు తోసుకుంటూ వచ్చింది. పెట్టెలో ఒక్కటీ పడలేదు. పోస్టుమాస్టరు నీరుగారిపోయాడు. "మన పని అయిపోయిందమ్మాయ్."

"ఇంకో వారముంది బాబాయ్ గారూ" అంది హోటలక్క.

రెండో ఆదివారం కూడా తోసుకుంటూనే వచ్చారు. చెమటలు కక్కుతున్న కెప్టెన్‌ను చూసి ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏం బాబూ, బండికి జబ్బు చేసిందా? ఇందాక పాలాయన మోపెడ్ వెళ్తుంటే నువ్వే అనుకుని కాఫీ పెట్టేశాను."

దండంతా గొల్లున నవ్వింది.

"జబ్బా పాడా! మీటరుంది కదక్కా, కావాలనే ఆపాం."

"అలాగేలే. ఎవరి ఇబ్బందులు వాళ్ళవి. ఈ ఎర్రబండి బాబుది మాత్రం గట్టి గొంతు. అసలు కెప్టెన్ ఈయనే అనుకున్నాను మొన్న."

ఎర్రబండివాడు కాదనలేదు. మీసం దువ్వుకుని, "అక్క చెవికి తెలుసు" అన్నాడు.

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్క నిమిషం తిప్పితే ఏం కాదురా, సగటులో కలిసిపోతుంది" అంటూ బండెక్కాడు. కొండ దద్దరిల్లింది. ఎర్రబండి బదులిచ్చింది. మిగతా తొమ్మిదిమందీ మేమేం తక్కువ అనుకున్నారు. ఒక్కొక్కరూ తిప్పినప్పుడల్లా హోటలక్క తల పంకించి, "ఊహూ, ఇంకా ఎర్రబండిదే పైచెయ్యి" అంటూ తీర్పు చెప్పింది. స్తంభం మీద పెట్టె నోరు మెదపకుండా తన పని చేసుకుపోయింది. అరవై మూడుసార్లు.

నెల తిరక్కుండా నిషేధం వచ్చింది. మొదటి శనివారం హోటల్లో కుర్చీలన్నీ ఖాళీ. ఇలా అవుతుందని ఆమెకు ముందే తెలుసు. తెలిసే చేసింది.

మధ్యాహ్నం కెప్టెన్ బస్సు దిగి, చేతిలో కాగితంతో వచ్చాడు.

"నువ్వే ఎగదోశావని తెలుసక్కా. పోనీలే. నీ హోటలూ మునిగింది కదా? బతుకు పోయిందని దీనిమీద సంతకం పెట్టు. మున్సిపాలిటీవాళ్ళు మళ్ళీ ఆలోచిస్తామన్నారు."

"పెట్టే సంగతి తర్వాత చూద్దాం. ముందు అమ్మకి క్షమాపణ చెప్పు."

అతను తెల్లబోయాడు. ఆమె వెనక గది తలుపు తీసింది. చుట్టేసిన పరుపు, ఖాళీ మంచం. అతను గడప దగ్గర నిలబడి గొణిగాడు.

"గట్టిగా బాబూ. పెద్దావిడ కదా, వినపడదు."

"తప్పయిందమ్మా."

"ఇంకా గట్టిగా."

"తప్పయిందమ్మా! క్షమించు!" అని గొంతు చించుకుని అరిచాడు. అరుస్తుంటే అతని గొంతు బొంగురుపోయింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"శనివారం పూట ఎవడయ్యా ఈ గోల?" అని పోస్టుమాస్టరు కేక వేశాడు. "ఫిర్యాదు రాయమంటావా?"

హోటలక్క కాగితాన్ని సంతకం లేకుండానే నాలుగు మడతలు పెట్టి అతని జేబులో పెట్టింది.

"వెళ్ళిరా బాబూ. మెల్లగా నడు, చెప్పుల చప్పుడు కాకుండా."