ధరణి దాచిన మూత

నేను ఒక మిక్సీ మూతను. నవ్వకండి. మోటారుకు గ్యారంటీ కార్డు ఇస్తారు గానీ నన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. అయినా నేను లేకుండా ఒక్కరోజు కొబ్బరి చట్నీ చేసి చూడండి, గోడలు తుడవలేక చస్తారు.

కరిగిన ప్లాస్టిక్కును అచ్చులో పోస్తే పుట్టాను. తెనాలిలో మాధురి పెళ్లికి ఎవరో చదివించిన మిక్సీతో పాటు ఆ ఇంటికొచ్చాను. తర్వాత ధరణి పుట్టింది. నాలుగేళ్లొచ్చినా ఆ పిల్ల నోట ఒక్క మాట లేదు. మిక్సీ తిరిగిందంటే మాత్రం చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకునేది.

"అలవాటైతే భయం అదే పోద్ది" అని నానమ్మ అనసూయమ్మ రోజూ పొద్దున్నే పిల్లను గట్టిగా పట్టుకుని మిక్సీ పక్కనే నిలబెట్టేది. ఆవిడది ప్రేమే. ప్రేమ పేరుతో మనుషులు ఎంత పనైనా చేస్తారు. ఆ ఏడుపు వింటూ, కరెంటు పోతే బాగుండునని నేను మొక్కుకునేదాన్ని.

ఒకరోజు నేను మాయమయ్యాను. వెతికితే మంచం కింద దొరికాను. మర్నాడు బియ్యం డబ్బాలో, ఆ మర్నాడు దుప్పట్ల మడతల్లో. దాచింది ధరణి. "దొంగబుద్ధులు కూడా మొదలయ్యాయి" అంది అనసూయమ్మ. మాధురి పిల్లను రెండు దెబ్బలు వేసింది. తర్వాత తనే ఏడ్చి, నన్ను సంచిలో వేసుకుని, పిల్లను చూపిస్తున్న థెరపీ సెంటర్ మేడమ్ దగ్గరికి వెళ్లింది.

మేడమ్ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "మూత లేకుండా మీరు మిక్సీ వేస్తారా?"

"వెయ్యనండీ."

"ఆ సంగతి పాప కనిపెట్టేసింది. మనకది చప్పుడే, తనకి నొప్పి. ఆపమని మీకు చెప్తోందమ్మా. నోటితో కాకపోతేనేం, ఇదీ మాటే. ఈ మూత మీ చేతికిచ్చిందంటే ఏ పనైనా ఆపెయ్యండి. వినకపోతే, చెప్పి ఏం లాభమని ఈ ఒక్క మాటా మానేస్తుంది."

అలా నాకు ఉద్యోగం మారింది. ధరణి నన్ను చంకలో పెట్టుకుని తిరిగేది. తల దువ్వుతుంటే నన్ను అమ్మ చేతిలో పెట్టేది, దువ్వెన ఆగేది. ధరణి తనంతట తను నన్ను జారు మీద పెడితేనే మిక్సీ వేయాలని మాధురి నియమం పెట్టుకుంది. పిల్ల పెట్టలేదు. రెండు నెలలు ఆ ఇంట్లో ఇడ్లీలోకి కారప్పొడే. అనసూయమ్మ సణుగుడు వేరే చెప్పాలా?

అప్పుడు చెవులు కుట్టే రోజు వచ్చింది. ఇప్పటికే ఆలస్యమైందని అత్తగారు పట్టుబడితే మాధురి కాదనలేకపోయింది. హాలు నిండా చుట్టాలు. మేనమామ కిషోర్ ఒళ్లో ధరణి, దాని చేతిలో నేను. కంసాలి ఆచారి కుడి చెవికి తీగ గుచ్చాడు. పిల్ల అరవలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. నన్ను అమ్మ వైపు చాచింది.

ఆచారి చెయ్యి ఎడమ చెవి దగ్గరికి వచ్చింది.

"ఒక్క క్షణమే అక్కా, అయిపోద్ది" అన్నాడు కిషోర్.

"ఒంటి చెవి కుట్టి లేపుతారా ఎవరైనా? నలుగురూ నవ్విపోతారు" అంది అనసూయమ్మ.

మాధురి అత్తగారి వైపు చూసింది. నన్ను అందుకోవడానికి చెయ్యి రాలేదు. తీసుకోవే తల్లీ, తీసుకో అని నాలో నేను అరిచాను. మూత అరుపు ఎవరికి వినపడుతుంది?

చివరికి తీసుకుంది. "ఆచారిగారూ, ఆపండి."

"ఇంకొక్కటేగా అమ్మా..."

"నా కూతురు ఆపమంటోందండీ!"

తీగ వెనక్కి వెళ్లింది. చుట్టాలు భోజనాలు చేస్తూ ఆ మాటే చెప్పుకున్నారు. అనసూయమ్మ కోడలితో మూడు రోజులు మాట్లాడలేదు.

నాలుగో రోజు పొద్దున ధరణి స్టూలెక్కి, జారు మీద నన్ను పెట్టి నొక్కింది. తీగ ఉన్న చెవి, లేని చెవి రెండూ మూసుకుని అమ్మ వైపు చూసింది. మాధురి స్విచ్ వేసింది. మిక్సీ నాలుగు తిప్పులు తిరిగిందో లేదో, ధరణి నా మీద చెయ్యి వేసింది. మాధురి టక్కున ఆపేసింది.

చట్నీ బరకగానే మిగిలింది. అనసూయమ్మ దాన్నే రెండోసారి అడిగి వడ్డించుకుంది.