విప్పొద్దన్న ఇంజన్

వదిన కారు షెడ్డులోకి వచ్చేసరికి నేను వేరే బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. చూడక్కర్లేకుండా వాసనతోనే తెలిసిపోయింది. మరిగిపోయిన ఇంజన్‌ది ఒక తుప్పు వాసన. లేచి బయటికి వస్తే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటిపోయి ఉంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. వదిన బానెట్ ఎత్తి, చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతోంది.

"ముట్టుకోకు," అన్నాను.

"కాసిని నీళ్ళు పోస్తే చల్లబడుతుంది."

"ఇప్పుడా మూత తీస్తే నీ మొహం ఉడుకుతుంది. వెనక్కి జరుగు."

నాకు ముక్కు మీద కోపం. అందుకే వదిన నన్ను చిటపట అని పిలుస్తుంది, అదీ కస్టమర్ల ముందు. ఈసారి మాత్రం చెప్పినట్టు వెనక్కి జరిగి, గుడ్డ మడతపెడుతూ నిలబడింది. వదిన నా మాట మొదటిసారికే వినడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కారు మా అన్నయ్యది. రెండు తలుపుల పాత టర్బో బండి. కాలు నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయేంత దూకుడు దానిది. ఎవరో తుక్కుకి వదిలేసినదాన్ని తెచ్చుకుని, ఇంజన్ నట్టు నట్టుగా ఊడదీసి, తన చేత్తోనే మళ్ళీ కట్టాడు. ఆయన కట్టిన ఆఖరి ఇంజన్ అదే. ఆ తర్వాత కొన్నాళ్ళకి డాక్టర్లు నరాల జబ్బు అన్నారు. ముందు చెయ్యి పడిపోయింది, తర్వాత కాలు, తర్వాత మాట. చివరికి మనిషే లేకుండా పోయాడు.

వదిన ఆయన బట్టలు పంచేసింది. పనిముట్లు నాకిచ్చింది. ఈ ఇంజన్ దగ్గర మాత్రం మొండికెత్తింది. "నూనె మార్చు, టైర్లు మార్చు, నీ ఇష్టం. లోపల మాత్రం మీ అన్నయ్య మూసింది మూసినట్టే ఉండాలి. ఆయన చెయ్యి పడ్డచోట ఇంకొకరి చెయ్యి పడకూడదు," అంది. నేను సరేనన్నాను. వారానికోసారి ఒక్కతే ఆ బండి వేసుకుని ఊరి బయట రోడ్డు మీద తిరిగి వచ్చేది. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి గానీ, మొహం తేటపడి ఉండేది. ఆ వారమంతా నవ్వుతూ ఉండగలిగేది.

బండి చల్లారాక మూత తీసి చూశాను. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ రంగు మచ్చుకైనా లేదు, అన్నీ తుప్పు నీళ్ళే. గొట్టాలు పొడిగా ఉన్నాయి, పంపు పొడిగా ఉంది, కింద ఒక్క చుక్క లేదు. నీళ్ళు నింపి స్టార్ట్ చేస్తే లోపల్నుంచి బుడగలు తన్నుకొచ్చాయి, వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ మొదలైంది. అంటే నీళ్ళు బయటికి కారడం లేదు, ఇంజన్ లోపలికి పోతున్నాయి. పైనుండే హెడ్‌కీ కిందుండే బ్లాక్‌కీ మధ్య నీళ్ళు దిగకుండా ఆపే గాస్కెట్ పోయింది. హెడ్ ఎత్తకుండా దానికి మందు లేదు.

"ఎప్పట్నుంచి పోస్తున్నావు ఈ పచ్చి నీళ్ళు?"

"మొదట్నుంచీ."

ఒళ్ళు మండిపోయింది. "పక్కన మెకానిక్‌ని పెట్టుకుని నాతో ఒక్క మాట అనలేదా?"

"అంటే విప్పుతానంటావు."

నిజమే, అంటాను.

"విప్పకపోతే ఏమవుతుంది?" అంది.

"ఇక్కడే మూలన పడుంటుంది. మళ్ళీ రోడ్డెక్కిస్తే హెడ్ పగులుతుంది. విప్పితే బాగుపడొచ్చు."

"నువ్వు విప్పి మళ్ళీ మూస్తే, అది నువ్వు మూసినది అవుతుంది. అంతేనా?"

"అంతే."

"అబద్ధమైనా చెప్పొచ్చు కదయ్యా," అని స్టూలు లాక్కుని కూర్చుంది. గేటు బయట బళ్ళు పోతున్నాయి. వదిన ఆ ఇంజన్‌నే చూస్తూ ఉండిపోయింది. నేను చేతులు కడుక్కొచ్చాను, కడుక్కోవాల్సిన అవసరం లేకపోయినా. "సరే, విప్పు. నేనిక్కడే ఉంటాను," అంది చివరికి.

హెడ్ బిగించడానికి మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బోల్టులు మధ్యలో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి చొప్పున చివరలకి పోవాలి. సరిపడా బిగువు వచ్చినప్పుడు టార్క్ రెంచ్ టక్కుమంటుంది. అది చెవిన పడ్డాకే ఆ బోల్టు నెత్తిన తెల్ల రంగు చుక్క పెట్టాలి. టక్కు వినకుండా చుక్క పెట్టినవాణ్ణి అన్నయ్య నిలబెట్టి కడిగేసి, ఆ పూటకి ఇంటికి పంపేసేవాడు. నన్నూ పంపాడు, తోడబుట్టినవాణ్ణని కూడా చూడకుండా. కస్టమర్లు ఆయన్ని టక్కు మాస్టారు అనేవాళ్ళు. ఆయనకి ఆ పేరంటే లోలోపల సంబరమే.

పై మూత తీస్తే వరసగా తెల్ల చుక్కలు కనపడ్డాయి. ఒక్క బోల్టు కూడా తప్పలేదు. వదిన లేచి వచ్చి వంగి చూసింది. "ఎంత పొందిగ్గా పెట్టారో," అంది. "మొదటిది నేను తిప్పనా? ఇంకొకరి చెయ్యి పడేముందు నా చెయ్యి పడనీ."

విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది, చివరల్నుంచి మధ్యకి రావాలి. చివరి బోల్టు మీద పొడుగు పానా పెట్టిచ్చాను. అన్నయ్య బిగించిన బోల్టు తియ్యడమంటే నాకే నడుము పట్టేస్తుంది. వదిన వల్ల కాదని, వెనక నిలబడి సాయం పట్టడానికి చేతులు చాచాను. వదిన ఒంటి చేత్తో తిప్పింది. బోల్టు సీసా మూతలా తిరిగి వచ్చేసింది.

"చూశావా, నా మాట వింది," అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. పానా అందుకుని ఎదురుగా ఉన్న చివరి బోల్టు తిప్పాను. అదీ అంతే. దాని పక్కది వేళ్ళతోనే వచ్చింది.

"ఏంటి, అలా అయిపోయావు?"

"వదులుగా ఉన్నాయి."

"వేడికి వదులయ్యుంటాయి."

"లేదు వదినా. ఇవి అసలు బిగియలేదు."

"మరి చుక్కలు?"

పానా పక్కన పెట్టాను. వదిన ఒక్కో తెల్ల చుక్కనీ వేలితో తడుముకుంటూ పోయింది. ఆవిడ తెలివితక్కువదేం కాదు. తడుముతున్న వేలు సగంలో ఆగిపోయింది.

"ఆ రోజుల్లో ఆయన చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని," అంది మెల్లగా. "వేళ్ళు మొద్దుబారాయి, పనెక్కువైంది అన్నారు. ఈ ఇంజన్ మూసిన మర్నాడు నాతో అన్నారు, ఇది కాస్త నీళ్ళు తాగే బండి, తాగినప్పుడల్లా పొయ్యి, తమ్ముడికి చెప్పకు నవ్వుతాడు అని. నేను పోశాను. పిచ్చిదానిలా పోస్తూనే ఉన్నాను."

అంటే అన్నయ్యకి తెలుసు. టక్కు వినపడలేదని తెలిసే చుక్క పెట్టాడు. నేనారోజు ఇదే షెడ్డులో, ఆ పక్కనే, ఇంకో బండి కింద ఉన్నాను. ఒరేయ్ అంటే చాలు, లేచి వచ్చి బిగించేవాణ్ణి. అనలేదు. ఎంత భయపడి ఉంటాడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

వదిన మాత్రం ఏడవలేదు, తిట్టింది. ఆయన పోయాక ఆయన్ని తిట్టడం అదే మొదటిసారి. "నవ్వుతాడా? తమ్ముడు నవ్వుతాడనా? ఇదే మేడ మీద ఇంట్లో నేనున్నాను, పక్కనే వీడున్నాడు. చెయ్యి రావట్లేదని ఒక్క ముక్క అంటే ఆయన సొమ్మేం పోయేది? ఒక్కడే ఇక్కడ నిలబడి, రాని చేత్తో..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పని ఆపనా అని అడిగితే, కానివ్వమని చెయ్యి ఊపింది.

మధ్యకి వస్తున్నకొద్దీ బోల్టులు గట్టిపడ్డాయి. చివరివి వేళ్ళకే వచ్చాయి, తర్వాతివి ఒక చేతికి వచ్చాయి, ఆ తర్వాత రెండు చేతులూ వెయ్యాల్సి వచ్చింది. బిగిస్తూ పోయినకొద్దీ ఆయన బలం ఎక్కడెక్కడ తగ్గిందో, మేం చివర్నుంచి మొదటికి చూస్తూ వచ్చాం. వదిన నా చేతుల వంకే చూస్తోంది. చివరికి నడిమధ్య బోల్టు మిగిలింది, ఆయన అన్నిటికంటే ముందు బిగించినది. ఒళ్ళంతా బరువు వేశాను. కదల్లేదు. పానా వంగింది గానీ బోల్టు ఉలకలేదు.

"ఇదీ అన్నయ్య చెయ్యంటే," అని నాకు తెలీకుండానే పైకి అనేశాను. ఇంకాస్త బలం పట్టేలా పానాకి తొడగడానికి గోడ వారనున్న ఇనప గొట్టం తెచ్చాను.

వదిన ఆ బోల్టు మీద అరచెయ్యి పెట్టింది. "దీన్ని వదిలెయ్."

"ఇది రాకపోతే హెడ్ లేవదు వదినా. బండి ఇంకెప్పటికీ నడవదు."

"నడవకపోతే పోనీ," అంది, చెయ్యి తియ్యకుండా. "ఇది బిగించేటప్పటికి ఆయన బాగానే ఉన్నారు."

నేను గొట్టం కింద పెట్టేశాను.