గాడిలో కూర్చున్న లాక్

వేదవ్యాస్ జీపు ముందు ఇరుసులో క్రాస్ మళ్లీ ఊడిందన్న కబురు నందిగామ నుంచి జగ్గయ్యపేటకు ఒంటరిగా రాలేదు. దేవమణి కొట్లో డూప్లికేట్ సరుకు అమ్ముతున్నారన్న మాటనూ వెంటబెట్టుకుని వచ్చింది.

భర్త పోయాక దేవమణి ఆ స్పేర్‌పార్ట్స్ కొట్టును ఒక్క మాట మీద నిలబెట్టింది. దేవమణమ్మ ఇచ్చిందంటే ఒరిజినలే అని హైవే పొడుగునా మెకానిక్కులు అనేవారు. ఆ మాట పోయిందంటే అరల్లో ఉన్నదంతా పాత ఇనుమే.

వేదవ్యాస్‌కు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు దొరికితే పాడుబడ్డ క్వారీల్లో జీపు ఎక్కించడం సరదా. స్టీరింగు పూర్తిగా తిప్పి రాళ్ల మీదికి ఎక్కిస్తే, ఇరుసు మడతలో ఉండే క్రాస్ మీదే భారమంతా పడుతుంది. దాని నాలుగు కొనలకూ నాలుగు కప్పులుంటాయి. ఆ కప్పులు బయటికి జారకుండా ఒక్కోదానికి గాడిలో కూర్చునే లాక్ అని ఒక ఉక్కు రింగు ఉంటుంది. ఆ లాకే ఎగిరిపోతోంది. ఆదివారం వీరులపాడు దగ్గర గుట్ట మీద జీపుల పోటీ. చుట్టుపక్కల బళ్లన్నీ అక్కడికే వస్తాయి. అందరి ముందూ ఇంకోసారి ఊడితే, ఆ తర్వాత కొట్టు తెరిచినా మూసినా ఒకటే.

దేవమణి కొత్త క్రాస్ సంచిలో వేసుకుని నందిగామ బస్సెక్కింది.

షెడ్డులో మెకానిక్ సాంబయ్య అప్పటికే వెల్డింగు రాడ్డు తీసి ఉన్నాడు. "కప్పుకి రెండు టాకాలు కొట్టేద్దామండీ, పీడా పోద్ది" అన్నాడు. వేదవ్యాస్‌దీ అదే మాట.

దేవమణి లెక్క వేసుకుంది. టాకా వేశాక బండి గుట్ట ఎక్కితే మెప్పు వెల్డింగుకి, ఎక్కకపోతే తిట్లు తన సరుక్కి. పైగా ఆ వేడికి కప్పులో గ్రీజు మాడుతుంది, రేపు మార్చాలంటే కోసి తీయాలి. ఎటు తిప్పి చూసినా నష్టం తనదే.

"టాకా వేస్తే నా సరుకు నిలవదని నేనే ఒప్పుకున్నట్టు. ముందు లాక్ వేసి చూపించు సాంబయ్యా."

సాంబయ్య కప్పు దిగగొట్టి, లాక్ పెట్టి, పంచ్‌తో ఒక్క పోటు పొడిచాడు. "పడింది."

"పడిందా, కూర్చుందా?"

"రెండూ ఒకటే గదండీ."

ఆమె స్క్రూడ్రైవర్ మొన పెట్టి ఎత్తింది. లాక్ ఊడి చేతిలోకొచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఆ లాక్‌లు అమ్ముతున్న మనిషి. గాడిలో అది ఎంత లోతుకు దిగాలో ఆమె వేళ్లకు తెలుసు. ఈ గాడికి ఆ లోతు లేదు. గీరితే బూడిదరంగు పెచ్చు రాలింది. వేళ్లతో నలిపింది. మట్టయితే నలగాలి, అది నలగలేదు.

"బండి పగలంతా ఎక్కడ పెడతారండీ?"

"ఫ్యాక్టరీలోనే, ప్యాకింగ్ షెడ్డు పక్కన" అన్నాడు వేదవ్యాస్. "అయినా వారం వారం కడిగిస్తా. విప్పే ముందు కూడా కడిగించా."

దేవమణికి నవ్వు ఆగలేదు. "గాలి సిమెంటు తెచ్చింది, మీరు నీళ్లు పోశారు. ఇంక తాపీమేస్త్రీ ఒక్కడే తక్కువ."

సాంబయ్య కప్పులు దిగే ఇరుసు చెవుల్లో గాడులన్నీ విరిగిన హాక్సా బ్లేడుతో గీకాడు. ఆమె పక్కనే నిలబడి డీజిలుతో కడిగించింది, గాలి కొట్టించింది. ఈసారి లాక్ ఖణేల్‌మని దిగింది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తబోతే గాడిలోనే గిర్రున తిరిగింది గానీ బయటికి రాలేదు.

"కూర్చుందండీ" అన్నాడు సాంబయ్య, ఆ మాటను కొత్తగా నేర్చుకున్నవాడిలా.

ఆదివారం గుట్ట నడుమ రాతి మెట్టు దగ్గర వేదవ్యాస్ జీపు ఆగిపోయింది. ముందు చక్రం పూర్తిగా తిరిగి ఉంది, ఇంజిను రొద పెడుతోంది. కింద ఎవరో తాడు సిద్ధం చేసుకోమన్నారు. జనంలో నిలబడ్డ దేవమణి చూపు క్రాస్ మార్చిన కుడి చక్రం మీంచి కదల్లేదు. టైరు రాతిని కరిచింది, జారింది, మళ్లీ కరిచింది. బండి ఒక్క ఊపున మెట్టెక్కి, ఆగకుండా పైదాకా పోయింది. కింద జనం ఈలలు వేశారు.

బండి దిగొచ్చాక మైలవరం నుంచి వచ్చినాయన వంగి చక్రం వెనక్కి చూశాడు. కప్పులకు ఎన్ని టాకాలు వేయించారని అడిగాడు.

"ఒక్కటీ లేదు" అన్నాడు వేదవ్యాస్, అందరికీ వినపడేలా. "దేవమణి గారి క్రాస్. డూప్లికేట్ అని కూసింది నేనే. సరుకు ఒరిజినల్, నా కడుగుడే డూప్లికేట్."

జనం గొల్లున నవ్వారు. దేవమణి కూడా నవ్వింది, కానీ బేరం వేళ నవ్వుతూ కూర్చునే మనిషి కాదామె. కొంగు దోపుకుని జీపుల వరసకేసి తిరిగింది.

"ఇంకెవరి బండి సిమెంటు ఫ్యాక్టరీలో నిలబడుతుందండీ?"

అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి, చేతులు లేచాయి.