పరిటాల మీదుగా బడికి

సాయంత్రం టీ గిన్నె పొయ్యి మీద నుంచి దించుతూనే ఇర్ఫానా ఒక చెవి ఫోన్ మీద వేసి ఉంచుతుంది. మూడో తరగతి తల్లుల గ్రూపులో దిలీప్ వాళ్ళమ్మ ఉషశ్రీ హోంవర్క్ ఫోటో పెట్టేది ఆ వేళకే. ఉషశ్రీ డిగ్రీ చదివిన మనిషి. కొడుకు చేత శుభ్రంగా రాయించి, ఆ పేజీ ఫోటో తీసి పంపుతుంది. అది రాగానే నందిగామలో చాలా ఇళ్ళల్లో పెన్సిళ్ళు కదులుతాయి.

ఇర్ఫానా పుట్టిల్లు జగ్గయ్యపేట. తొమ్మిదో తరగతి మధ్యలో ఉండగా తల్లి మంచం పట్టింది. ఇంట్లో వండిపెట్టే దిక్కు లేక "ఈ ఏడాదికి ఆగు, వచ్చే ఏడు వెళ్దువులే" అన్నారు. ఆ వచ్చే ఏడు రానేలేదు. తెలుగు చక్కగా చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా ఉంటే గుర్తుపడుతుంది గానీ, అవి జట్టుకట్టి వాక్యమయ్యాయంటే సగం అందుతాయి, సగం జారిపోతాయి. తన చదువు ఆగిన చోటే కూతురి చదువూ ఆగుతుందేమోనని బెంగ. అందుకే ఫోటోలో ఉన్నదాన్ని చిత్తుకాగితం మీద ముగ్గు దింపినట్టు దింపి, నౌషీన్ చేత ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించేది. మర్నాడు పుస్తకంలో స్టార్ కనిపిస్తేనే ఆమెకు అన్నం సహించేది.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన జాయిస్ టీచర్ ఒకరోజు, బడికి వచ్చే దారిలో మీకు ఏమేం కనిపిస్తాయో ఇంగ్లీషులో రాసుకురమ్మంది. అలవాటు ప్రకారం ఫోటో వచ్చింది. ఇర్ఫానా దింపింది. నౌషీన్ చిత్తుకాగితం చదివి పెన్సిల్ కొరికింది.

"అమ్మీ, మన దారిలో హనుమంతుడి విగ్రహం ఎక్కడుంది?"

"ఫోటోలో ఉందిగా."

"టోల్ గేటు కూడా లేదు. మనం నడిచేగా వెళ్ళేది!"

ఆ అనుమానం ఇర్ఫానాకూ రాకపోలేదు. ఆ రెండు మాటలూ ఆమెకూ తెలిశాయి. కానీ పాఠంలోనే అలా ఉందేమో, ఎవరికి తెలుసు?

"దిలీప్ వాళ్ళమ్మ కంటే నీకెక్కువ తెలుసా ఏంటి? రాయి, రాయి."

నౌషీన్ రాసింది.

శనివారం తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. జాయిస్ టీచర్ పిల్లల పుస్తకాల దొంతర బల్ల మీద పెట్టి, అందరికీ నమస్కారం చేసి మొదలుపెట్టింది.

"మన క్లాసు పిల్లలంతా పరిటాల నుంచే వస్తున్నారని నాకు ఇన్నాళ్ళూ తెలీదండీ. దారిలో అందరికీ పెద్ద హనుమంతుల వారి విగ్రహం కనబడుతోంది. అందరూ కంచికచర్ల దాటి, కీసర టోల్ గేటు దాటి మరీ వస్తున్నారు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నౌషీన్ వాళ్ళమ్మగారు ఎవరండీ?"

ఇర్ఫానా లేచి నిలబడింది.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"స్కూలు వెనక సందే మేడం."

"మరి పాపని రోజూ పరిటాల మీదుగా తిప్పి తెస్తున్నారా?"

గదంతా గొల్లుమంది. మనవడి కోసం వచ్చిన భావనారాయణ గారైతే "మావాడు బస్సులో నిద్రపోతాడు కాబోలు, నాకీ విషయం చెప్పనేలేదు!" అని తొడ చరుచుకున్నారు. ఇర్ఫానా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. ముందు వరసలో ఉషశ్రీ మొహం ఎర్రబడింది.

"నేనేం చేశానండీ? మావాడు నిజంగానే పరిటాల నుంచి వస్తాడు. అందరూ పెట్టమంటేనే పెడుతున్నా."

"మిమ్మల్ని అనడం లేదండీ. క్లాసు మొత్తంలో నిజం రాసింది మీవాడొక్కడే."

ఆ మాటకు ఉషశ్రీ కూడా నవ్వేసింది. నవ్వులు సద్దుమణిగాక టీచర్ అసలు సంగతికి వచ్చింది. ఇకమీదట హోంవర్క్ పావుగంటకు మించదు. పిల్లలే రాయాలి. ఇంగ్లీషు మాట తెలియకపోతే ఆ మాట వరకు తెలుగులో రాయవచ్చు. పెద్దవాళ్ళు దిద్దకూడదు, చెరపకూడదు. రాసింది చదివించుకుని విని, కింద సంతకం పెడితే చాలు.

"మీరు దిద్ది పంపిస్తే పిల్లకి ఏం రాదో నాకు తెలియట్లేదండీ," అంది.

భావనారాయణ గారికి ఇది మింగుడుపడలేదు. "పావుగంటేంటండీ! జగ్గయ్యపేటలో మా చెల్లెలి మనవరాలికి తినేటప్పుడు కూడా హోంవర్కే."

"మరి ఆ పాప ఆడుకునేదెప్పుడండీ?"

"వేసవి సెలవుల్లో."

మళ్ళీ నవ్వులు. వాటి మధ్యలోనే ఇర్ఫానా అడిగింది. "మేడం, నాకు చూసినా తప్పో ఒప్పో తెలీదు. అట్టాగే తప్పులతో పంపిస్తే పిల్ల వెనకబడిపోదా?"

టీచర్ నౌషీన్ పుస్తకం తీసి పేజీలు తిప్పింది. "ఇందులో అన్నీ స్టార్లేనమ్మా. కానీ పాప ముందుందో వెనకుందో నాకు ఇప్పటికీ తెలీదు. కొన్నాళ్ళు తన రాతే పంపించండి. అప్పుడు చెప్తా."

ఇంటికొచ్చి చెబితే భర్త ఐజాజ్‌కి నవ్వి నవ్వి పొలమారింది. అతను ట్రాలీ ఆటో నడుపుతాడు. "మొన్న లోడేసుకుని పరిటాల వైపే వెళ్ళా. మీ ఇద్దరూ కనపడలేదే!"

"నీకు నవ్వులాటగానే ఉంటుంది. రేపు పిల్లకి సున్నాలొస్తే తెలుస్తుంది," అని ఇర్ఫానా కంచం కాస్త గట్టిగానే పెట్టింది.

సోమవారం కొత్త హోంవర్క్: ఇంట్లో నువ్వు సాయం చేసే పని ఏమిటి? మీటింగులో అనుకున్నట్టే గ్రూపులో ఫోటో రాలేదు. కాసేపటికి ఇర్ఫానా ఒక్కదానికే విడిగా వచ్చింది. కింద ఉషశ్రీ వాయిస్ మెసేజ్: "పాపం మీరు కంగారుపడుతుంటారని పంపిస్తున్నా ఇర్ఫానా గారూ. మేడానికి చెప్పకండేం."

ఫోటోలో దిలీప్ మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. చక్కటి వాక్యాలు. చిత్తుకాగితం చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఇర్ఫానా ఒకసారి కూతురి వైపు చూసింది. నౌషీన్ కూడా ఆ కాగితం వైపే చూస్తూ, రోజూలాగే తల్లి దింపి ఇచ్చేదాకా ఆగి కూర్చుంది. పెన్సిల్ కూడా చెక్కలేదు. ఆ కూర్చోవడం చూశాక ఇర్ఫానా చిత్తుకాగితం పక్కకు జరిపింది.

"నువ్వేం సాయం చేస్తావే?" అని అడిగింది, ఫోన్ బోర్లా పెట్టి.

"డాడీ లోడుకి తాడు కట్టేటప్పుడు ఇవతలి కొస నేనే పట్టుకుంటాగా."

"అయితే అదే రాయి."

"నువ్వు చెప్పవా?"

"నాకు రాదు."

కూతురితో ఆ మాట అనడం అదే మొదలు. నౌషీన్ కాసేపు నమ్మనట్టు చూసి, తర్వాత పెన్సిల్ చెక్కుకుంది. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. వాక్యాలు గీతల మీద నిలవలేదు. కొక్కెం, ముడి తెలుగులోనే ఉండిపోయాయి. రబ్బరు రుద్దిన చోట కాగితం చిరిగింది కూడా. పేజీ చించి మళ్ళీ రాయిద్దామని ఇర్ఫానా చేయి ముందుకు వెళ్ళింది. వెళ్ళిన చేతితోనే కలం తీసుకుంది.

"చదువు, వింటా."

నౌషీన్ తడుముకుంటూ చదివింది. ఇర్ఫానా సంతకం పెట్టింది.

మర్నాడంతా ఆమె చేతికి పని అంటలేదు. కూరలో ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు చూసుకుంది. బడి వదిలేసరికి గేటు దగ్గరే నిలబడింది. నౌషీన్ పరుగెత్తుకొచ్చి అక్కడే పుస్తకం తెరిచింది. స్టార్ లేదు. ఎర్ర సిరాతో గీతలు, వాటి కింద టీచర్ తెలుగులో రాసిన ప్రశ్న: తాడు వదులైతే ఏం చేస్తారు?

"నన్నొక్కదాన్నే అడిగింది అమ్మీ! రేపు రాసుకురమ్మంది."

ఆ ఎర్ర గీతలు చూసి ఇర్ఫానాకు గుబులు పుట్టకపోలేదు. కానీ కూతురి కళ్ళు ఆ గీతల మీద లేవు. పైగా ఈ ప్రశ్నకు జవాబు పరిటాల నుంచి వచ్చేది కాదు.

ఐజాజ్ ఆటో సందులోకి తిరగగానే నౌషీన్ ఎదురెళ్ళింది.

"తాడు వదులు చెయ్యి డాడీ."

"ఇప్పుడే కదే లోడు దించి వచ్చా. కాళ్ళు కడుక్కోనీ."

"హోంవర్క్ డాడీ!"

గొణుక్కుంటూనే ఐజాజ్ ఖాళీ ట్రాలీకి తాడు బిగించాడు, మళ్ళీ వదిలాడు, మధ్యలో ఒక చిన్న కర్ర దూర్చి మెలితిప్పి చూపించాడు. నౌషీన్ ట్రాలీ మీదే పుస్తకం పెట్టుకుని రాయసాగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఇర్ఫానా ఉండబట్టలేక అడిగింది.

"మరి వానకి తాడు తడిస్తే?"

"ఏంటి, నీక్కూడా ఇచ్చారా హోంవర్క్?" అన్నాడు ఐజాజ్.

"ఆగు అమ్మీ," అంది నౌషీన్, తలెత్తకుండానే. "ముందు నాది అవ్వనీ."